దిశ మార్పు గుర్తింపు (దృశ్య ప్రోగ్రామింగు)

దృశ్య ప్రోగ్రామింగులో దిశ మార్పు గుర్తింపు అనగా, పదే పదే ఆవృతమయ్యే ఒక యానిమేషను విలువ పెరగడం మాని తగ్గనారంభించిన క్షణాన్ని గానీ, తగ్గడం మాని పెరగనారంభించిన క్షణాన్ని గానీ ప్రోగ్రాము తనంతట తాను కనిపెట్టడం. ఈ క్షణాన్ని మలుపు అనవచ్చును. పెరుగుదల నుండి తగ్గుదలకు మారే చోటు ఎగువ మలుపు, తగ్గుదల నుండి పెరుగుదలకు మారే చోటు దిగువ మలుపు. ఊయల ఒక కొసకు చేరి వెనుదిరిగే క్షణం, గడియారపు లోలకం ఒక పక్కన ఆగి తిరిగి వచ్చే క్షణం ఇటువంటివే.

చూడడానికి ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఊయల ఎప్పుడు వెనుదిరిగిందో పసిపిల్లలు కూడా చెప్పగలరు. కానీ ప్రోగ్రాములోని నోడుకు ఊయల కనిపించదు. దానికి ఒక్కొక్క క్షణంలో ఒక్కొక్క సంఖ్య మాత్రమే అందుతుంది. 0.5 అనే సంఖ్యను చూసి అది పైకి పోతున్న 0.5 అవునో, కిందికి దిగుతున్న 0.5 అవునో చెప్పడం అసాధ్యం. దిశ అనేది ఒక సంఖ్యలో ఉండదు, వరుసగా వచ్చిన సంఖ్యల మధ్య ఉంటుంది. ఈ సమస్యకు మూలం, పరిష్కారం కూడా ఈ ఒక్క విషయంలోనే ఉన్నాయి.

నేపథ్యం

ప్రోగ్రామును అక్షరాలలో వ్రాయకుండా, పెట్టెల వంటి నోడులను తెరపై పేర్చి వాటిని గీతలతో కలిపి తయారు చేసే పద్ధతిని దృశ్య ప్రోగ్రామింగు అంటారు. 1966లో ఎం.ఐ.టి.లో విలియం సదర్లాండ్ సమర్పించిన పరిశోధనా గ్రంథం ఈ రంగంలో తొలి ప్రయత్నాలలో ఒకటి. 1980లలో పారిస్ లోని ఇర్కాం సంస్థలో మిల్లర్ పకెట్ రూపొందించిన మాక్స్, తరువాత 1990లలో ఆయనే రూపొందించిన ప్యూర్ డేటా సంగీతకారులలో బాగా ప్రచారం పొందాయి. చిత్రాలు, వేదికల మీది వెలుగులు, ప్రదర్శనశాలలలోని కళాకృతుల కోసం వీవీవీవీ, టచ్‌డిజైనర్, ఆపిల్ వారి క్వార్ట్జ్ కంపోజర్ వంటివి వచ్చాయి. పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పడానికి ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ 2007లో స్క్రాచ్‌ను విడుదల చేసింది.

ఇటువంటి వ్యవస్థలలో చాలావాటికి సమయాన్ని బట్టి ఆవృతమయ్యే విలువను ఇచ్చే నోడు ఒకటి ఉంటుంది. దీనిని సాధారణంగా ఎల్ఎఫ్ఓ అని పిలుస్తారు. ఇది ఎలక్ట్రానిక్ సంగీత వాద్యాల నుండి వచ్చిన పేరు, మందగతి డోలకం అని దీని భావం. ఈ నోడు నుండి వచ్చే విలువను ఒక బొమ్మ యొక్క స్థానానికో, పరిమాణానికో, పారదర్శకతకో కలిపితే ఆ బొమ్మ అదే పనిగా కదులుతూ ఉంటుంది.

తరంగ రూపాలు

ఆవర్తన విలువలలో ముఖ్యంగా మూడు రూపాలు కలవు.

* త్రిభుజ తరంగం: 0 నుండి 1 వరకు సమవేగంతో పెరిగి, అదే వేగంతో 0కి తగ్గుతుంది. ఒక ఆవర్తనంలో ఒక ఎగువ మలుపు, ఒక దిగువ మలుపు ఉంటాయి.
* సైను తరంగం: మధ్యలో వేగంగా, కొసలలో మెల్లగా కదులుతుంది. ఇందులో కూడా ఆవర్తనానికి రెండు మలుపులు ఉంటాయి.
* రంపపు తరంగం: 0 నుండి 1 వరకు పెరిగి, ఒక్కసారిగా 0కి దూకి మరల పెరుగుతుంది. సంఖ్యల వరకు చూస్తే ఇక్కడ ఒక పతనం ఉన్నది, కానీ భావంలో దిశ మార్పు లేదు. గుండ్రంగా తిరిగే చక్రం 359 డిగ్రీల నుండి 0 డిగ్రీలకు వచ్చినంత మాత్రాన వెనుకకు తిరిగినట్లు కాదు గదా.

దిశ, మలుపు: రెంటికీ తేడా

దిశ అనేది ఒక స్థితి. విలువ పెరుగుతున్నంతసేపు అది +1గా, తగ్గుతున్నంతసేపు −1గా నిలిచి ఉంటుంది. మలుపు అనేది ఒక సంఘటన. అది ఒక్క ఫ్రేములో మాత్రమే నిజమై, మరుసటి ఫ్రేములో తొలగిపోవాలి. తెరపై ఎగిరే పక్షి బొమ్మ ఎటు చూడాలో నిర్ణయించడానికి దిశ చాలును. గంట మ్రోగించడానికి, లెక్కించడానికి, బొమ్మను మార్చడానికి మలుపు కావాలి. దిశను మలుపుగా పొరబడి గంటకు కలిపితే ఆ గంట సెకనుకు 60 సార్లు మ్రోగుతుంది. ఈ రంగంలో కొత్తవారు చేసే పొరపాట్లలో ఇది ఒకటి.

భేద పద్ధతి

అన్నిటికంటే సరళమైన పద్ధతి ప్రతి ఫ్రేములోను ప్రస్తుత విలువ నుండి మునుపటి విలువను తీసివేయడం.

భేదం = ప్రస్తుత విలువ − మునుపటి విలువ

భేదం ధనాత్మకమైతే విలువ పెరుగుతున్నట్లు, రుణాత్మకమైతే తగ్గుతున్నట్లు. ఈ ఫ్రేములోని భేదం గుర్తు, గత ఫ్రేములోని భేదం గుర్తు వేరువేరుగా ఉంటే మలుపు జరిగినట్లు లెక్క.

ఉదాహరణకు 8 ఫ్రేములకు ఒక ఆవర్తనం పూర్తి చేసే త్రిభుజ తరంగాన్ని తీసుకుందాం.

* ఫ్రేము 0: విలువ 0
* ఫ్రేము 1: విలువ 0.25, భేదం +0.25
* ఫ్రేము 2: విలువ 0.50, భేదం +0.25
* ఫ్రేము 3: విలువ 0.75, భేదం +0.25
* ఫ్రేము 4: విలువ 1.00, భేదం +0.25
* ఫ్రేము 5: విలువ 0.75, భేదం −0.25
* ఫ్రేము 6: విలువ 0.50, భేదం −0.25

ఇక్కడ అసలు మలుపు 4వ ఫ్రేములో ఉన్నది. కానీ గుర్తు మారినది 5వ ఫ్రేములో. అనగా ఈ పద్ధతి మలుపును ఒక ఫ్రేము ఆలస్యంగా చెబుతుంది. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ప్రోగ్రాములో ఇది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఇది నోడు లోపం కాదు. ఊయల కొసకు చేరిన క్షణంలో అది ఇంకా ముందుకు పోతుందో లేదో ఎవరూ చెప్పలేరు. వెనుకకు ఒక అడుగు వేసిన తరువాతనే అది మలుపు అని తెలుస్తుంది. జరిగిన విలువలను మాత్రమే చూసే ఏ పద్ధతి అయినా ఈ ఆలస్యాన్ని తప్పించుకోలేదు.

మునుపటి విలువను దాచుకోవడం

పై పద్ధతి అంతా మునుపటి విలువ తెలిసి ఉండడంపై ఆధారపడినది. అక్షరాలలో వ్రాసే ప్రోగ్రాములో దీనికి ఒక చరరాశి చాలును. నోడుల ప్రోగ్రాములో మాత్రం ఇది అంత తేలిక కాదు. వీటిలో చాలావరకు డేటా ఒక వైపు నుండి మరొక వైపుకు ప్రవహిస్తుంది. ఒక నోడు ఫలితాన్ని తిరిగి దాని మూలానికే కలిపితే వలయం ఏర్పడి, దేనిని ముందు లెక్కించాలో తెలియని చిక్కు వస్తుంది. అందువలన ఇటువంటి వ్యవస్థలు ఒక విలువను ఒక ఫ్రేము పాటు ఆపి తరువాతి ఫ్రేములో అందించే ప్రత్యేక నోడులను సమకూరుస్తాయి.

లెక్కల వరుస కూడా ముఖ్యమే. మునుపటి విలువను వాడుకున్న తరువాతనే దాని స్థానంలో ప్రస్తుత విలువను దాచాలి. ఈ వరుస తారుమారైతే ప్రస్తుత విలువ నుండి ప్రస్తుత విలువనే తీసివేసినట్లవుతుంది. భేదం ఎల్లప్పుడూ 0 వస్తుంది. ప్రోగ్రాము ఏ తప్పునూ చూపదు, మలుపు మాత్రం ఎన్నటికీ దొరకదు. ప్యూర్ డేటాలో ఈ వరుసను నిర్ణయించడానికి ట్రిగ్గర్ అనే నోడును వాడతారు. ఇది తన ఫలితాలను కుడి నుండి ఎడమకు ఒకదాని తరువాత ఒకటిగా పంపుతుంది. మొదట పాత విలువను తీసివేత నోడుకు పంపి, తరువాత కొత్త విలువను పంపి భేదం రాబట్టి, చివరగా కొత్త విలువను దాచాలి.

మొదటి ఫ్రేము విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ప్రోగ్రాము మొదలైనప్పుడు మునుపటి విలువ అనేది లేదు. చాలా నోడులు దానిని 0గా భావిస్తాయి. ప్రోగ్రాము మొదలయ్యే వేళకు విలువ 0.7 వద్ద ఉండి తగ్గుతూ ఉన్నదనుకుందాం. మొదటి భేదం +0.7 అవుతుంది, రెండవ భేదం రుణాత్మకం అవుతుంది. దానితో జరగని మలుపు ఒకటి జరిగినట్లు నమోదవుతుంది. అందువలన ఆరంభంలో దిశను తెలియదు అని ఉంచి, రెండవ ఫ్రేము నుండి మాత్రమే లెక్క మొదలుపెట్టాలి. యానిమేషనును మొదటికి తిప్పినప్పుడు, మధ్యలోని మరొక చోటుకు జరిపినప్పుడు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

భేదం సున్న అయినప్పుడు

రెండు గుర్తులు వేరుగా ఉన్నాయా అని చూడడానికి చాలామంది వరుస భేదాలు రెంటినీ గుణించి, లబ్ధం రుణాత్మకమైతే మలుపు అని నిర్ణయిస్తారు. పై 8 ఫ్రేముల ఉదాహరణలో ఇది చక్కగా పని చేస్తుంది. కానీ ఆవర్తన కాలాన్ని 7 ఫ్రేములకు మార్చితే ఫలితం వేరుగా ఉంటుంది.

* ఫ్రేము 2: విలువ 0.571
* ఫ్రేము 3: విలువ 0.857, భేదం +0.286
* ఫ్రేము 4: విలువ 0.857, భేదం 0
* ఫ్రేము 5: విలువ 0.571, భేదం −0.286

శిఖరం 3వ, 4వ ఫ్రేములకు సరిగ్గా నడుమ పడినది. రెండు పక్కలా విలువలు సమానం కావడంతో భేదం 0 అయినది. +0.286ను 0తో గుణిస్తే 0, 0ను −0.286తో గుణించినా 0. రుణాత్మక లబ్ధం ఎక్కడా రాలేదు కనుక మలుపు గుర్తింపబడలేదు. పైగా ఈ తప్పు కొన్ని ఆవర్తన కాలాలకు మాత్రమే కనిపిస్తుంది. వేగం కొద్దిగా మార్చితే మాయమవుతుంది. పరీక్షించినప్పుడు సరిగా నడిచి, ప్రదర్శన రోజున తప్పిపోయే లోపాలు ఈ కోవకు చెందినవే.

దీనికి పరిష్కారం సులభం. భేదం 0 అయినప్పుడు దిశను మార్చకుండా, చివరిసారి తెలిసిన దిశనే నిలుపుకోవాలి. కొత్తగా వచ్చిన శూన్యేతర భేదం గుర్తును ఆ నిలిపి ఉంచిన దిశతో పోల్చాలి. అప్పుడు పై ఉదాహరణలో 5వ ఫ్రేములో మలుపు దొరుకుతుంది. యానిమేషనును కొంతసేపు ఆపి తిరిగి నడిపించినా ఈ పద్ధతి తప్పు చేయదు.

కొస విలువతో పోల్చడం

మలుపు ఎప్పుడూ 1 వద్ద, 0 వద్ద జరుగుతుంది కనుక, విలువ 1కి సమానమా అని చూస్తే చాలదా అనే ప్రశ్న సహజం. పైన చెప్పిన 7 ఫ్రేముల తరంగమే దీనికి సమాధానం. అందులో అత్యధిక విలువ 0.857. అది 1ని ఎన్నడూ తాకదు. సమానత్వానికి బదులు విలువ 0.99 కంటే ఎక్కువా అని చూసినా ఇదే ఇబ్బంది. తరంగం వేగంగా ఉంటే ఆ హద్దును తాకకుండానే వెనుదిరుగుతుంది. మెల్లగా ఉంటే అనేక ఫ్రేముల పాటు హద్దుకు పైనే ఉండి, ఒక మలుపు అనేక మలుపులుగా లెక్కకు వస్తుంది. కొస విలువతో పోల్చే పద్ధతి తరంగం యొక్క వేగం, ఎత్తు ఎన్నటికీ మారవని తెలిసినప్పుడు మాత్రమే నమ్మదగినది.

రంపపు తరంగంలో దూకుడు

రంపపు తరంగం 0.98 నుండి 0.03కి వచ్చినప్పుడు భేదం −0.95. సాధారణ భేద పద్ధతి దీనిని తగ్గుదలగా భావించి, ఒక ఎగువ మలుపును, వెంటనే ఒక దిగువ మలుపును నమోదు చేస్తుంది. రెండూ తప్పే. దీనిని సవరించడానికి భేదం నుండి, దానికి అతి సమీపంలో ఉన్న పూర్ణాంకాన్ని తీసివేయాలి. −0.95కు సమీప పూర్ణాంకం −1, కనుక సవరించిన భేదం +0.05. విలువ ముందుకే సాగుతున్నదని తెలిసిపోతుంది. తరంగం వెనుకకు నడుస్తూ 0.02 నుండి 0.97కు దూకితే భేదం +0.95, సవరించిన భేదం −0.05. కోణాలకు ఇదే సూత్రం 360తో వర్తిస్తుంది. 359 డిగ్రీల నుండి 1 డిగ్రీకి రావడం −358 కాదు, +2.

ఈ సవరణకు ఒక షరతు ఉన్నది. ఒక్క ఫ్రేములో జరిగే అసలు కదలిక సగం ఆవర్తనం కంటే తక్కువగా ఉండాలి. చక్రం ఒక్క ఫ్రేములో 0.9 వంతు ముందుకు తిరిగితే, సవరణ దానిని 0.1 వంతు వెనుకకు తిరిగినట్లు చూపుతుంది. సినిమాలలో వేగంగా పోయే బండి చక్రాలు వెనుకకు తిరుగుతున్నట్లు కనిపించడానికి కారణం కూడా ఇదే.

ఒడిదుడుకులు, హిస్టెరిసిస్

ప్రోగ్రాము తానే సృష్టించిన తరంగం నునుపుగా ఉంటుంది. కెమెరా, సెన్సారు, మైకు వంటి వాటి నుండి వచ్చిన విలువలు గానీ, అనేక తరంగాలను కలిపి చేసిన విలువలు గానీ అలా ఉండవు. పైకి పోతూనే మధ్య మధ్య కొద్దిగా కిందికి జారుతుంటాయి. భేద పద్ధతి ప్రతి చిన్న జారుడునూ మలుపుగా లెక్కిస్తుంది.

ఈ ప్రమాదం మలుపు దగ్గరే అత్యధికం. దీనికి ఆకాశంలో ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. ఉత్తరాయణం, దక్షిణాయనం అనేవి సూర్యుని గమనంలోని దిశ మార్పులే. సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా, దక్షిణంగా సుమారు 23.4 డిగ్రీల వరకు పోయి వెనుదిరుగుతాడు. పగలు రాత్రి సమానమయ్యే విషువత్తుల సమయంలో సూర్యుని స్థానం రోజుకు సుమారు 0.4 డిగ్రీలు మారుతుంది. అయనాంతం నాడు మాత్రం ఒక రోజులో వచ్చే మార్పు 0.01 డిగ్రీకి కూడా చాలదు. అందువలన సూర్యోదయ స్థానాన్ని కంటితో చూసి సరిగ్గా ఏ రోజున సూర్యుడు వెనుదిరిగాడో చెప్పడం కష్టం. కొన్ని రోజుల పాటు సూర్యుడు ఒకే చోట ఉదయిస్తున్నట్లే తోస్తుంది.

సైను తరంగానికీ ఇదే గుణం ఉన్నది. −1 నుండి +1 వరకు, 2 సెకన్ల ఆవర్తన కాలంతో, సెకనుకు 60 ఫ్రేములతో నడిచే సైను తరంగం మధ్యలో ఒక ఫ్రేముకు సుమారు 0.052 మారుతుంది. శిఖరం పక్కన ఒక ఫ్రేములో మారేది సుమారు 0.0014 మాత్రమే. 0.002 పాటి ఒడిదుడుకు మధ్యలో ఏ హానీ చేయదు, కానీ శిఖరం వద్ద ఒకే మలుపును మూడు, నాలుగు మలుపులుగా చూపగలదు.

దీనికి హిస్టెరిసిస్ అనే ఉపాయాన్ని వాడతారు. విలువ పెరుగుతున్నంతసేపు ఇంతవరకు చేరిన అత్యధిక విలువను గుర్తుంచుకోవాలి. ప్రస్తుత విలువ ఆ అత్యధిక విలువ నుండి ఒక నిర్ణీత హద్దు మేరకు దిగినప్పుడు మాత్రమే ఎగువ మలుపు జరిగినట్లు ప్రకటించాలి. ఆ తరువాత అత్యల్ప విలువను గుర్తుంచుకుంటూ, దాని నుండి హద్దు మేరకు పైకి లేచినప్పుడు దిగువ మలుపును ప్రకటించాలి. హద్దు కంటే చిన్న ఒడిదుడుకులు ఏవీ లెక్కకు రావు.

ఈ ఉపాయానికి చెల్లించవలసిన మూల్యం ఆలస్యం. పై సైను తరంగానికి హద్దును 0.05గా పెడితే, శిఖరం దాటిన సుమారు 0.1 సెకను తరువాత గానీ మలుపు తెలియదు. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఇది దాదాపు 6 ఫ్రేములు. హద్దు పెంచితే నమ్మకం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. హద్దు తగ్గిస్తే వేగం పెరుగుతుంది, తప్పులూ పెరుగుతాయి. రెంటినీ ఒకేసారి పొందే మార్గం లేదు. సంగీతంతో కలిసి నడిచే యానిమేషనుకు 0.1 సెకను ఆలస్యం చెవికి తెలిసిపోతుంది. బొమ్మ తల తిప్పడానికి అదే ఆలస్యం పట్టించుకోదగినది కాదు.

దశ నుండి నేరుగా లెక్కించడం

విలువను తయారు చేసేది మన ప్రోగ్రామే అయినప్పుడు, ఫలితాన్ని గమనించి దిశను ఊహించవలసిన అవసరమే లేదు. ఏ సమయం నుండి ఆ విలువ పుట్టినదో ఆ సమయాన్నే అడగవచ్చును. గడచిన సమయాన్ని 2తో గుణించి, ఆవర్తన కాలంతో భాగించి, వచ్చిన దానిలో పూర్ణాంక భాగాన్ని తీసుకుంటే ఇంతవరకు గడచిన అర్ధావర్తనాల సంఖ్య వస్తుంది. 0 వద్ద మొదలయ్యే త్రిభుజ తరంగానికి ఈ సంఖ్య సరి సంఖ్య అయితే విలువ పెరుగుతున్నట్లు, బేసి సంఖ్య అయితే తగ్గుతున్నట్లు. ఈ సంఖ్య మారిన ఫ్రేమే మలుపు. మధ్య విలువ నుండి పెరుగుతూ మొదలయ్యే సైను తరంగానికైతే పూర్ణాంక భాగం తీసుకోవడానికి ముందు 0.5 కలపాలి.

8 ఫ్రేముల ఉదాహరణలో ఈ సంఖ్య 4వ ఫ్రేములోనే 0 నుండి 1కి మారుతుంది. ఒక ఫ్రేము ఆలస్యం కూడా ఉండదు. 7 ఫ్రేముల ఉదాహరణలో శిఖరం 3.5 వద్ద ఉన్నందున, దాని తరువాత వచ్చే మొదటి ఫ్రేమైన 4లో మారుతుంది. శూన్య భేదం సమస్య ఇక్కడ లేదు.

అయితే ఆవర్తన కాలాన్ని మధ్యలో మార్చినప్పుడు జాగ్రత్త వహించాలి. 100 సెకన్లు గడచిన తరువాత ఆవర్తన కాలాన్ని 2 సెకన్ల నుండి 2.1 సెకన్లకు మార్చితే, గడచిన ఆవర్తనాల సంఖ్య 50 నుండి ఒక్కసారిగా సుమారు 47.6కు పడిపోతుంది. బొమ్మ ఎగిరి దూకుతుంది, లెక్క చెడిపోతుంది. అందువలన మొత్తం సమయాన్ని భాగించకుండా, ప్రతి ఫ్రేములోను ఆ ఫ్రేముకు పట్టిన సమయాన్ని అప్పటి ఆవర్తన కాలంతో భాగించి, వచ్చిన దానిని దశకు కలుపుతూ పోవాలి.

ఫ్రేములు జారిపోయినప్పుడు

కంప్యూటరు వేరే పనిలో పడి కొన్ని ఫ్రేములను వదిలివేయడం తరచుగా జరిగేదే. 2 సెకన్ల ఆవర్తన కాలం గల తరంగం నడుస్తుండగా ప్రోగ్రాము సరిగ్గా 2 సెకన్లు స్తంభించినదనుకుందాం. స్తంభించక ముందు, తరువాత విలువ ఒకటే. దిశ కూడా ఒకటే. భేద పద్ధతికి రెండు మలుపులు జరిగిన సంగతే తెలియదు. అర్ధావర్తనాల సంఖ్య మాత్రం 2 పెరిగి ఉంటుంది. మలుపులను లెక్కించే పని అయితే ఈ సంఖ్య ఎంత పెరిగినదో చూసి అన్ని మలుపులు కలపాలి.

త్రిభుజ తరంగపు ప్రతి మలుపును భేద పద్ధతి తప్పకుండా పట్టుకోవాలంటే ప్రతి అర్ధావర్తనంలోను కనీసం ఒక పూర్తి ఫ్రేము వ్యవధి ఇమడాలి. అర్ధావర్తనం కనీసం 2 ఫ్రేములు, అనగా ఆవర్తనం కనీసం 4 ఫ్రేములు ఉంటే ఇది నెరవేరుతుంది. సెకనుకు 60 ఫ్రేముల వద్ద ఇది సెకనులో 15వ వంతు. దీనికంటే వేగమైన తరంగానికి దశ పద్ధతి మాత్రమే శరణ్యం.

ఎక్కువ కాలం నడిచే ప్రోగ్రాములు

ప్రదర్శనశాలలలో ఒకే ప్రోగ్రాము రోజుల తరబడి ఆగకుండా నడుస్తుంది. సమయాన్ని 32 బిట్ల దశాంశ సంఖ్యగా ఉంచే ప్రోగ్రాములో ఇది ఊహించని చిక్కు తెస్తుంది. ఇటువంటి సంఖ్యలో 24 బిట్ల ఖచ్చితత్వం మాత్రమే ఉంటుంది. సమయం 2,62,144 సెకన్లు, అనగా 3 రోజులకు కొద్దిగా పైన, దాటిన తరువాత అటువంటి రెండు వరుస సంఖ్యల మధ్య దూరం 1/32 సెకను అవుతుంది. ఇది ఒక ఫ్రేము వ్యవధి కంటే ఎక్కువ. అప్పుడు సమయం కొన్ని ఫ్రేములలో కదలకుండా నిలిచి, తరువాత ఒక్కసారిగా దూకుతుంది. యానిమేషను కుదుపులతో నడుస్తుంది, భేదాలు అనేకం 0 అవుతాయి. 64 బిట్ల సంఖ్యలను వాడడం, లేదా దశను ఎప్పటికప్పుడు 0, 1 మధ్యకు తెచ్చి ఆవర్తనాల సంఖ్యను విడిగా పూర్ణాంకంగా ఉంచడం దీనికి నివారణ.

వివిధ సాఫ్టువేర్లలో

* మాక్స్: ధ్వని సంకేతం పెరుగుతుంటే 1, తగ్గుతుంటే −1, మారకుంటే 0 ఇచ్చే ఛేంజ్~ అనే వస్తువు ఉన్నది.
* ప్యూర్ డేటా: ఫేజర్~ వస్తువు 0 నుండి 1 వరకు రంపపు తరంగాన్ని ఇస్తుంది. ఆర్‌జీరో~ వస్తువుకు 1 అనే గుణకం ఇస్తే వరుస విలువల భేదం లభిస్తుంది.
* వీవీవీవీ: ఎల్ఎఫ్ఓ నోడుకు తోడుగా, మునుపటి విలువ కోసం ఫ్రేమ్‌డిలే, స్థితి మారిన క్షణాన్ని సంఘటనగా మార్చడానికి టాగ్‌ఎడ్జ్ నోడులు ఉన్నాయి.
* టచ్‌డిజైనర్: స్లోప్ అనే ఆపరేటరు విలువ మారే వేగాన్ని ఇస్తుంది. దాని గుర్తే దిశ.
* క్వార్ట్జ్ కంపోజర్: 2005లో మాక్ ఓఎస్ టెన్ టైగర్‌తో వచ్చినది. ఇంటర్‌పొలేషన్ ప్యాచ్‌లో మామూలు ఆవృత్తితో పాటు, వెనుకకు ముందుకు నడిచే దర్పణ ఆవృత్తి కూడా ఉన్నది. ఆపిల్ సంస్థ 2019లో ఈ సాంకేతికతకు స్వస్తి పలకడం మొదలుపెట్టినది.
* అన్‌రియల్ ఇంజిన్: 2014లో వచ్చిన 4వ సంచికలోని బ్లూప్రింట్ పద్ధతిలో టైమ్‌లైన్ నోడు, తాను ముందుకు నడుస్తున్నదో వెనుకకు నడుస్తున్నదో చెప్పే డైరెక్షన్ అనే ఫలితాన్ని తానే ఇస్తుంది.
* బ్లెండర్: జామెట్రీ నోడులలో ఒక ఫ్రేము స్థితిని మరొక ఫ్రేముకు మోసుకుపోయే సిమ్యులేషన్ జోన్ 2023లో విడుదలైన 3.6 సంచికతో వచ్చినది.
* స్క్రాచ్: మునుపటి విలువ, దిశ అనే రెండు చరరాశులను చేసుకొని, నిరంతర ఆవృత్తి లోపల పోలిక చేసి, మునుపటి విలువను మార్చే ఇటుకను అన్నిటికంటే చివర ఉంచాలి.

ఉపయోగాలు

* పాత్ర ముఖం తిప్పడం: తెరపై అటూ ఇటూ తిరిగే చేప లేదా పక్షి బొమ్మ, దిశ మారగానే రెండవ వైపుకు చూడాలి.
* బొమ్మలు మార్చడం: ఒక చిత్రం మెల్లగా మాయమై మరొకటి ప్రత్యక్షమయ్యే ప్రదర్శనలో, అపారదర్శకత విలువ దిగువ మలుపుకు చేరినప్పుడు, అనగా పాత చిత్రం పూర్తిగా కనబడనప్పుడు కొత్త చిత్రాన్ని పెట్టాలి. గుర్తింపు ఆలస్యమైతే పాత చిత్రమే ఒక్క క్షణం మరల తొంగిచూసి, చటుక్కున మారిపోతుంది.
* ధ్వని: లోలకం ప్రతి కొసలోను టిక్కుమనే శబ్దం చేయడం.
* లెక్కింపు: రెండు మలుపులకు ఒక ఆవర్తనం. ఒక్క మలుపు తప్పినా దిగువ, ఎగువ మలుపులు తారుమారై, ఆపైన జరిగేదంతా సగం ఆవర్తనం తేడాతో నడుస్తుంది.
* యంత్రాల నియంత్రణ: మోటారు దిశ మారే ముందు దాని వేగాన్ని తగ్గించడం. ఇక్కడ తప్పుడు మలుపులు మోటారును అటూ ఇటూ కుదిపి పాడు చేయగలవు.

పద్ధతి ఎంపిక

విలువను మన ప్రోగ్రామే తయారు చేస్తూ, దాని దశ అందుబాటులో ఉంటే దశ పద్ధతి ఉత్తమం. విలువ మాత్రమే అందుతూ అది నునుపుగా ఉంటే, చివరి దిశను నిలుపుకొనే భేద పద్ధతి చాలును. విలువ గుండ్రంగా తిరిగేదైతే దూకుడు సవరణ తప్పనిసరి. బయటి సెన్సారు నుండి వచ్చే విలువకు హిస్టెరిసిస్ కావాలి. ఏ పద్ధతినైనా పరీక్షించేటప్పుడు ఒకే వేగంతో కాక, శిఖరం రెండు ఫ్రేముల నడుమ పడే 7 ఫ్రేముల వంటి ఆవర్తన కాలంతోను, యానిమేషనును ఆపి తిరిగి నడిపించి, మొదటికి తిప్పి కూడా చూడాలి. ఒక నిమిషంలో జరగవలసిన మలుపుల సంఖ్యను ముందుగా చేతితో లెక్కించి, ప్రోగ్రాము చెప్పిన సంఖ్యతో సరిపోల్చుకోవడం అన్నిటికంటే తేలికైన పరీక్ష. 2 సెకన్ల ఆవర్తన కాలానికి నిమిషానికి 60 మలుపులు రావాలి.

ఇవి కూడా చూడండి

* దృశ్య ప్రోగ్రామింగు
* యానిమేషను
* సైను తరంగం
* హిస్టెరిసిస్
* ఉత్తరాయణం
* లోలకం